వేడి తగలని పెట్టె

"మనం ఒక్క ఎలుకనైనా చంపలేదు కదయ్యా కురమోచీ! ఏ మొహం పెట్టుకుని వచ్చావిక్కడికి?"

తోటి పరిశోధకుడు వకుయి గుసగుసకి పక్కవాళ్లిద్దరు నవ్వాపుకున్నారు. ముందు బౌద్ధ పూజారి మంత్రం చదువుతున్నాడు. ప్రయోగాల్లో పోయిన ప్రాణుల కోసం క్యోటోలోని ఆ పరిశోధనశాల వాళ్లు ఏటా ఇలా నిప్పుల్లో అగరుపొడి వేసి దండం పెట్టుకుంటారు.

"కణాలు పోయాయి కదండీ" అన్నాడు కురమోచి.

"కణాలకి కూడానా! పొద్దున గడ్డం గీసుకున్నానయ్యా, దానికీ ఓ చిటికెడు వెయ్యి."

కురమోచికి నవ్వు రాలేదు. రెండు వరుసల ముందు ఇసోబె కూర్చుని ఉంది. చేతిలో జపమాల మెల్లగా కదులుతోంది.

ఆమె వాళ్ల ల్యాబులో కణాలను పెంచే మనిషి. ఒళ్లు వేడెక్కితే చాలు, కండరాలు కరిగిపోయే జబ్బు ఆమె కొడుక్కి. పోకముందు డాక్టర్లు వాడి మోచేతి లోపలి నుంచి బియ్యపుగింజంత చర్మం తీసి ఉంచారు. ఆ కణాలు ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. వాటిని తానే చూసుకుంటానని ప్రొఫెసర్‌ను బతిమాలుకుని ఆమె పనిలో చేరింది.

కురమోచి పని వాటిని కష్టపెట్టడం. ఒక్కో కణంలో ఒక్కో జన్యువును కత్తిరిస్తాడు. తరువాత అన్నిటినీ వేడిలో పెడతాడు. ఏది చచ్చిందో, ఏది బతికిందో చూస్తే, కష్టంలో కణాన్ని కాచే జన్యువేదో తేలుతుంది.

కణానికి బాధ తెలుస్తుందా అని ఒకసారి ఆ పూజారినే అడిగాడు.

"నీకు తెలుస్తోంది కదా" అన్నాడాయన.

ల్యాబులో ఇంక్యుబేటర్ పెట్టెలు రెండున్నాయి. ఒకదాంట్లో పిల్లవాడి కణాలు. రెండోదాంట్లో పోలిక కోసం అలాగే చర్మం నుంచి తీసి ఉంచిన ఆరోగ్యవంతుల కణాలు. అవి ఎవరివో పేర్లు చెప్పరు, వాటిని వేడీ చెయ్యరు. ఇసోబె రోజూ వస్తూనే ఆ రెండో పెట్టె తెరిచేది. అక్కడే చాలాసేపు నిలబడి, ఏదో చెప్పుకుని, తల వంచేది. కొడుకు పెట్టె దగ్గర మాత్రం చకచకా పని ముగించేది. చూడలేకపోతోంది పాపం, అనుకునేవాడు కురమోచి.

విచిత్రం ఒక్కటే. జబ్బు కణాలు వేడికి ఇట్టే చితికిపోవాలి. ఇవి మొండిగా నిలబడ్డాయి.

కారణం నిన్ననే తెలిసింది. వ్యాసం అచ్చుకు పంపే ముందు కణాలు ఎవరివో పరీక్ష చేయించాలి. పరీక్ష చేసినమ్మాయి ఫోన్ చేసింది.

"ఇవి మగపిల్లాడివి కావండీ. ఆడమనిషివి."

తప్పు తనదేననుకున్నాడు కురమోచి. ఎప్పుడో తొందరలో ఒకే గొట్టం రెండు సీసాల్లో ముంచి ఉంటాడు. ఒక్క చుక్క కలిస్తే చాలు, బలమైన కణాలు బలహీనమైన వాటిని నామరూపాల్లేకుండా చేస్తాయి. ఆ తల్లికి మిగిలిన కాస్త కొడుకునీ తనే చంపేశాడు.

పూజ ముగిసింది. మెట్ల దగ్గర ఆమెను ఆపి నడుం వంచాడు.

"ఇసోబెగారూ, నన్ను క్షమించండి. ఆ కణాలు మీ బాబువి కావు. ఎవరో ఆడమనిషివట. తప్పు నాదే. వాడివి... ఇక లేనట్టే."

ఆమె అతనికంటే కిందికి వంగింది.

"అయ్యో, లేవండి సార్! తప్పు మీది కాదు."

తన నల్లచొక్కా ఎడమ చెయ్యి మెల్లగా పైకి లాగింది. మోచేతి లోపల బియ్యపుగింజంత పాత మచ్చ.

"వాడికి వేడి అసలు పడదు కద సార్... అందుకే వాణ్ణి పక్క పెట్టెలో పడుకోబెట్టి, ఆ వేడిలోకి నేను వెళ్లాను."