బుద్ధిమంతురాలైన మిషన్

తావ్‌యువాన్‌లోని లోహపు పూత కర్మాగారంలో, విషవాయువును పసిగట్టే పాత కంప్యూటర్‌కి దుమ్ము దులపడానికి యావ్‌రెన్ మూత విప్పాడు. అక్కడ అందరూ శుభం కోసం మిషన్ల మీద పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లం, లోపల ఉబ్బి కూర్చుంది.

"ఇదేంటక్కా? మిషన్ మారాం చెయ్యకూడదని పొట్లం మీద పెడతాం గానీ, కడుపులో పెడతామా?"

"మీద పెడితే తినేస్తున్నారు తమ్ముడూ," అంది సూపర్‌వైజరు షూఫెన్. "నవ్వకు. అంతకుముందు ఊరికే గోల పెట్టేది. ఇది పెట్టాక మూడేళ్లయింది, నోరెత్తితే ఒట్టు!"

పొట్లం ఒత్తిడికి, మిగతా కార్డులను కంప్యూటర్‌కి కలిపే రైజర్ కార్డు స్లాటులోంచి ఊడి పైకి లేచి ఉంది. వాయువును పసిగట్టే కార్డు దానికే గుచ్చి ఉంది.

యావ్‌రెన్ పొట్లం తీసేసి, రైజర్‌ను గట్టిగా అదిమి, స్విచ్ వేశాడు.

సైరన్ గొంతెత్తింది. ఎర్రదీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి.

"మళ్లీ మొదలెట్టింది! ఆ పొట్లం లోపల పెట్టేయ్," అంది షూఫెన్ కణతలు నొక్కుకుంటూ. "అసలే ఇక్కడ అందరికీ ఎప్పుడూ తలనొప్పి."