చెయ్యెత్తిన రాజు

తమ్ముడూ,

ఇన్నేళ్లూ తెర వెనక బొమ్మలాడించింది నేను, చప్పట్లు కొట్టించుకున్నది నీ గొంతు. అది నాకు ఇప్పటికీ కడుపుమంటే.

మొన్న, పెద్దలను జంకు లేకుండా నిలదీసే బొమ్మలాటలకు డబ్బు సాయం చేసే దాతల సంస్థవాళ్లు మన ఆట చూడ్డానికి వచ్చారు. రాజు బొమ్మ అధికారిని నిలదీసేచోట నువ్వు ఠక్కున మాట ఆపేశావు. నువ్వు ఊపిరి పీల్చిన చప్పుడు వింటేనే కదా నేను రాజు చెయ్యి దించేది! ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. జనం పగలబడి నవ్వారు. నన్ను వెధవని చెయ్యడానికే ఆపావనుకుని, నీ మొహం చూడకుండా వచ్చేశాను.

నిన్న ఆ సంస్థ అమ్మాయి మా ఇంటికొచ్చింది.

"పెద్దాయనా, సాయం మీ పేరునే ఇమ్మన్నారు మీ తమ్ముడు. గొంతుకి వేరే మనిషిని పెట్టుకోమన్నారు."

"వాడికేం మాయరోగం?" అన్నాను.

"మీకు తెలీదా? డాక్టరు ఇక మాట్లాడొద్దన్నారట."

ఒరేయ్, వేరే గొంతుకి నా చెయ్యి లేవదు. ఆ రాజు ఇంకా మా గోడకి చెయ్యెత్తుకునే వేలాడుతున్నాడు. సంస్థవాళ్లకి ఆదివారం లోగా జవాబు చెప్పాలట, వచ్చి ఏం చెయ్యాలో తేల్చు. మాట్లాడొద్దులే. పక్కన నిలబడి ఊపిరి పీల్చు, చాలు.