మూడు ఊళ్లలో శకుంతలమ్మ

బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున లైసెన్సులు అమ్మేదీ, వాటి వాడకం తనిఖీ చేసేదీ శరత్ చంద్రే. ప్రొద్దుటూరు బట్టల కొట్లో యజమానురాలి ముందు ల్యాప్‌టాప్ తిప్పి పెట్టాడు.

"శకుంతలమ్మగారూ, ఈడా, మీ జమ్మలమడుగు కొట్లో, పులివెందుల కొట్లో ఒకే నిమిషంలో మీరే బిల్లు కొడుతున్నారు. ఎట్లా?"

"నాకు కంప్యూటర్ తెరిచేది గూడా రాదప్పా. నా పేరు మీద బోణీ అయితే యాపారం శానా బాగుంటాదని కొట్లల్లో పనిచేసే పిల్లోళ్లు పొద్దున్నే నా పేరుతో తెరుస్తారు. రాత్రి దాకా మళ్లా మార్చరు."

అతను నవ్వాపుకున్నాడు.

"కంపెనీ ఇట్లాంటి నమ్మకాలు ఒప్పుకోదమ్మా. ఒక లైసెన్సు ఒక్కరికే. తక్కినవాళ్లకు వేరేవి కొనాల్సిందే."

"ఇంగా ఆరు కొంటాంలేప్పా. అన్నిటికీ నా పేరే పెట్టు."

అతను ఆరు లైసెన్సులకూ ఆర్డరు రాసుకున్నాడు. ఆరూ శకుంతలమ్మలే.

తారీఖు ఇరవై తొమ్మిది. ఆ నెలలో అతనికి అదే బోణీ.