గుండె మీద పొర

ఎదిగే పిల్లలకు గుండె కవాటం మార్చడం బూట్లు మార్చినంత మామూలైన రోజులవి. భీమవరం షెడ్డులో సువార్తమ్మ ఒలిచిన రొయ్యల పెంకులు ఫ్యాక్టరీకి వెళ్లి పల్చటి పొరగా మారేవి. ఆపరేషనప్పుడు గుండె మీద ఆ పొర పరిస్తే, గాయం మానేలోపు గుండె రొమ్ము ఎముకకు అతుక్కునేది కాదు. తర్వాత పొర దానంతటదే కరిగిపోయేది.

ఆమె కొడుకు ప్రభుదాసు నాటికి ఆ పొర లేదు. రెండో ఆపరేషన్‌కు రొమ్ము తెరుస్తుంటే, ఎముకకు అతుక్కుపోయిన గుండె చీలింది. పిల్లవాడు దక్కలేదు.

ఇప్పుడు ఆడపడుచు మరియమ్మ కూతురు కెజియా, రెండో ఆపరేషన్ చేయించుకుని క్షేమంగా ఇంటికొచ్చింది. చూడడానికి సువార్తమ్మ వెళ్లింది.

"గుండె ఎక్కడా అంటుకోలేదంట వదినా," అన్న మరియమ్మ వెంటనే తల దించుకుంది. "నీ దగ్గర అనకూడదు."

"అనొచ్చులే. ఆడు బతికున్నప్పుడూ ఈ పెంకులే ఒలిచేదాన్ని మరియా. బుట్టలకి బుట్టలు కాలవలో పారబోసేవోళ్లం."

మరియమ్మ కంచంలో అన్నం వడ్డించి వదిన ముందు పెట్టింది.

"అత్తా, నా గుండె చూడు, ఎలా కొట్టుకుంటందో," అంది కెజియా.

సువార్తమ్మ పిల్ల రొమ్ము మీద మెల్లగా అరచెయ్యి ఆనించింది. కంచంలో అన్నం చల్లారిపోతున్నా ఆ చెయ్యి తియ్యలేకపోయింది.