సూర్యం గది గుమ్మం

ఛఠ్ పండగ అయ్యాక చూద్దామని మేస్త్రీలందరూ తప్పించుకున్నారు. భాలుబాసా బస్తీలో ఉండే పైడిబాబు ఒక్కడే చెప్పిన రోజుకి వచ్చి, మా తమ్ముడి గది గుమ్మం కొలిచాడు.

"సక్రాల కుర్చీకి జానెడు పెంచితే సాలక్కా."

"ఇంకా పెంచు బాబూ."

మంచం మీంచి సూర్యం నవ్వాడు. "కుర్చీ రానీ పైడీ, సాక్చీ బజారుకి నీకంటే ముందెల్తాను!"

"అంత గోడ కొట్టడమేటక్కా, దండగ!"

పైడిబాబుని వాకిట్లోకి పిలిచి, రాముణ్ణి తలచుకుని చెప్పాను.

"కుర్చీ కొన్లేదు బాబూ. డాక్టర్లు ఆశ ఒదిలేసారు. అమ్మ పోయినప్పుడు మోసేవోళ్లు ఈ గుమ్మంలో పట్టక, అమ్మని నిలబెట్టి బయటికి తెచ్చాం. ఈడినైనా పడుకోబెట్టి తేవాల."

 పైడిబాబు లోపలికెళ్లి సుత్తి తీశాడు.

"కొట్టు మరి!" అంటూ సూర్యం, దుమ్ము పడకుండా ముఖం మీదికి దుప్పటి లాక్కున్నాడు.