తడిపిన మందు

పంచాయతీ ఎన్నికల్లో గెలిచామని తెలియగానే జోయల్ దండలు వేయించుకుని ట్రాక్టరెక్కాడు. డప్పులు మొదలయ్యాయి. నాటు టపాకాయల సంచి ట్రాలీలో పడింది. పిల్లలు దానిమీదే ఎక్కి కూర్చున్నారు.

అతని భార్య కృపాకుమారి ఒక టపాకాయ విప్పి మందు చూసింది. పెళ్లికి ముందు ఆమె బాణసంచా షెడ్డులో పనిచేసింది. ఎడమచేతి మీది కాలిన మచ్చ అక్కడిదే.

"ఇది క్లోరేటూ గంధకమూ కలిపిన మందు. దీనికి అగ్గిపుల్ల అక్కర్లే. ఈ ఎండకు, ట్రాలీ కుదుపులకు ఒరుసుకుంటే చాలు, పేలతాది. పిల్లోళ్లను దింపు."

"గెలిచిన దినం టపాకాయలు కాల్చకుంటే నా పరువేం గావల్ల? నువ్వు ఇంటికి పో."

ఆమె పోలేదు. పిల్లల్ని తనే దింపింది. పొద్దున ట్యాంకరు దగ్గర పట్టుకున్న బిందెడు నీళ్లు తెచ్చి సంచి మీద కుమ్మరించింది. మందంతా ముద్దయింది. డప్పులు ఆగిపోయాయి.

"ఇంత మందిలో ఇట్ల జేస్తే, రేపట్నుంచి ఊర్లో నా మాట ఎవరింటారే?" అని జోయల్ అరిచాడు.

"నీ మాట ఎందుకింటారు? జనం ఓట్లేసింది నాకు. సర్పంచును నేను. దిగు."

అతను దిగాడు. ఆమె ట్రాక్టరెక్కి డప్పుల వాళ్ల వైపు తిరిగింది.

"ఏమన్నా, ఆపేసినారు? కొట్టండి!"