ఇరవయ్యో బుగ్గ

చిన్న జలాంతర్గామి సిద్ధంగా ఉంది. అందులో ముగ్గురే పడతారు. ముందు ఎక్కాల్సింది సర్వే అధికారి.

నడిసముద్రంలో, నీటి అడుగున పర్వతాల వరుస. దాని పొడవునా మరిగే నీళ్లు చిమ్మే బుగ్గలు ఎక్కడెక్కడున్నాయో నలభై రోజులుగా పటంలోకి ఎక్కిస్తున్నాడు. పంతొమ్మిది దొరికాయి. ఇరవయ్యోది సరిగ్గా ఓడ కిందే, రెండు కిలోమీటర్ల లోతులో.

కెప్టెన్ కాగితం పట్టుకుని గబగబా వచ్చాడు.

"తీరం నుంచి మళ్లీ కబురండీ. ప్రకంపనలు వినే ఆ పెద్దావిడే. కొండ కడుపులో కదలిక ఉంది, దిగొద్దంటోంది. ఇది మూడోసారి."

"ఆవిడ సంగతి నాకు తెలియదా! గిన్నె జారిపడ్డా భూకంపమే అంటుంది."

"అనుభవమున్న మనిషి కదా..."

"అనుభవం కాదండీ, చాదస్తం. మన కొలతలు బాగానే ఉన్నాయి. దిగుదాం."

నిచ్చెన మీద కాలు పెట్టాడో లేదో, ఓడ ఫోన్ మోగింది. అవతల అక్క.

"ఒరేయ్... అమ్మ పోయిందిరా."

"ఏంటక్కా నువ్వనేది? ఎలా?"

"గుండె ఆగింది. వెంటనే బయల్దేరు. నువ్వొచ్చేదాకా ఏమీ చెయ్యం."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అమ్మతో మాట్లాడి పన్నెండు రోజులు. ఆ రోజు కూడా "పనిలో ఉన్నానమ్మా, పెట్టెయ్" అని కసురుకున్నాడు. ఆఖరి మాట అదే అయిపోయింది.

"ఓడ తిప్పండి," అన్నాడు.

రెండు గంటలు గడిచాయో లేదో, అడుగున వదిలి వచ్చిన పరికరాలు ఒక్కొక్కటే మూగబోయాయి. కొండ పగిలింది. కరిగిన రాయి పొంగి ఇరవయ్యో బుగ్గను మింగేసింది. దిగి ఉంటే ముగ్గురి బూడిద కూడా దొరికేది కాదు.

కెప్టెన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మీ అమ్మగారు తన ప్రాణం అడ్డేసి మనల్ని కాపాడారండీ."

అతను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. దారి పొడవునా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

నాలుగో రోజు పొద్దున ఇల్లు చేరాడు. వాకిట్లో జనం లేరు. ఏడుపులు లేవు. అంతా అయిపోయిందేమో అనుకున్నాడు. తలుపు కొట్టాడు.

తలుపు తీసిన అమ్మ, "దిగొద్దురా అని మూడు కబుర్లు పంపితే విన్నావా, అందుకే నాలుగోసారి నేను చచ్చిపోవాల్సొచ్చింది," అంది.